వాన పడితే మెయిన్ పడిపోతోందా, గీజర్ మార్చేముందు న్యూట్రల్ చూడండి

వానలు మొదలైతే చాలు చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, మెయిన్ నిలబడట్లేదు, వేసిన ప్రతిసారీ దిగిపోతోంది ఏం చెయ్యమంటావు అని. నేను ట్రిపుల్ఈ డిప్లొమా చేసి ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో ఉంటాను కాబట్టి ఈ ఫోన్లు నాకే వస్తాయి. మొదట అడిగేది ఒక్కటే, అసలు పడుతున్నది ఏది? ఎందుకంటే మనవాళ్ళు డీబీ బాక్సులో, అంటే బ్రేకర్లన్నీ ఉండే పెట్టెలో, పెద్దగా కనపడే దేన్నైనా మెయిన్ అనే అంటారు, కానీ అక్కడ రెండు వేరు వేరు పనులు చేసేవి ఉంటాయి. ఒకటి ఎంసీబీ, అది కరెంటు ఎక్కువ లాగినా షార్ట్ అయినా పడుతుంది. రెండోది ఆర్‌సీసీబీ, కొంతమంది ఇంకా ఈఎల్‌సీబీ అంటారు, దాని మీద టీ అని రాసిన చిన్న బటన్ ఉంటుంది, అది లీకేజీ ఉంటేనే పడుతుంది. బటన్ ఉన్నది పడుతోందా లేనిది పడుతోందా చూసి చెప్పండి అంటే సగం పని అక్కడే అయిపోతుంది, ఎందుకంటే ఈ రెండిటికీ వెతికే దారులు పూర్తిగా వేరు.

బటన్ లేనిది, అంటే ఎంసీబీ పడుతోంటే లెక్క సులువే. వేసిన మరుక్షణం టప్‌మని పడితే షార్ట్. ఓ పావుగంటో అరగంటో ఆగి, ఏసీ గీజర్ మోటారు అన్నీ తిరుగుతున్నప్పుడు పడితే ఓవర్‌లోడ్. 2000 వాట్ల గీజర్ దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది, ఇండక్షన్ స్టవ్ కూడా దగ్గర దగ్గర అంతే, టన్నున్నర ఏసీ ఓ 7, ఇస్త్రీ పెట్టె 4 పైన, వీటికి మోటారు కలిస్తే 32 ఆంపియర్ల మెయిన్ అంచుకి వచ్చేస్తుంది. అయితే 32 ది 33 కి పడిపోదు. స్టాండర్డ్ ప్రకారం 1.13 రెట్లు లోడు ఉంటే గంటసేపు పడకూడదు, 1.45 రెట్లు, అంటే 46 దాటితే, గంటలోపు పడాలి. ఈ లెక్క 30 డిగ్రీల వేడికి కట్టింది, మన మే నెలలో ఎండ కొట్టే గోడకున్న రేకు బాక్సులో ఎంత వేడి ఉంటుందో మీకు తెలుసు కదా, అక్కడ అదే బ్రేకర్ ఇంకా ముందే పడుతుంది, లోపల ఉన్న బైమెటల్ పట్టీ, అంటే రెండు లోహాలు అతికిన రేకు, వేడికే వంగుతుంది కాబట్టి. ఇంకో కారణం లూజు స్క్రూ. టెర్మినల్ దగ్గర వైరు వదులైతే అక్కడ వేడి పుట్టి, ఆ వేడి బ్రేకర్ లోపలికి పోయి, పెద్ద లోడు లేకపోయినా దించేస్తుంది. వైరు మీద తొడుగు గోధుమ రంగులోకి మారినా, బాక్సు తీస్తే కాలిన వాసన వచ్చినా ముందు ఆ స్క్రూ చూడాలి. ఓవర్‌లోడ్ గురించి ఇంతకంటే పెద్దగా చెప్పేది లేదు.

అసలు గొడవంతా బటన్ ఉన్నదానితోనే.

ఆర్‌సీసీబీ చేసే పని ఇది. ఫేజ్‌లో ఎంత కరెంటు ఇంట్లోకి వెళ్ళిందో న్యూట్రల్‌లో అంతా తిరిగి రావాలి. తక్కువ వచ్చిందంటే మధ్యలో ఎక్కడో గోడలోకో, నీళ్ళలోకో, మనిషిలోంచో భూమిలోకి పోతున్నట్టు. ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరేలోపు అది పడిపోవాలి, నిజానికి 15 కీ 30 కీ మధ్య ఎక్కడైనా పడొచ్చు. ఆ 30 అన్న అంకె మనిషి గుండె తట్టుకునేదాన్ని చూసి పెట్టుకున్నది. అంటే అది పడిందంటే ఎక్కడో ఒక మనిషికి తగిలే దారి తెరుచుకుని ఉండొచ్చు అని అర్థం. దాన్ని తలనొప్పిగా చూడకండి, దయచేసి.

మా అక్కా బావా భీమవరంలో ఉంటారు, కింద వాళ్ళు, పైన అద్దెకి. ఈ వానల్లో వాళ్ళ ఆర్‌సీసీబీ పడటం మొదలుపెట్టింది. ఎండ కాస్తే ఏ గొడవా లేదు, ముసురు పట్టిందంటే పొద్దున గీజర్ వెయ్యగానే దిగిపోతోంది. దాంతో అందరూ గీజర్ అన్నారు. ఒక ఎలక్ట్రీషియన్ వచ్చి గీజర్ ఎలిమెంట్ మార్చాడు, మర్నాడు మళ్ళీ పడింది. అయితే ఆర్‌సీసీబీయే పోయిందన్నాడు, కొత్తది తెచ్చి బిగించారు, అదీ పడింది. చివరికి, దీన్ని తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తా, ఇక ఏ బాధా ఉండదు అన్నాడట. అక్క ఫోన్ చేసి, "ఒరే, మీ బావగారు విసిగిపోయి సరే ఇచ్చెయ్యమంటున్నార్రా" అంది. నేను బయల్దేరుతున్నాను, వచ్చేదాకా దాని జోలికి ఎవరినీ వెళ్ళనివ్వకు అక్కా అని చెప్పా.

వెళ్ళాక నేను బాక్సు తియ్యలేదు, ముందు అక్కని కూర్చోబెట్టి ఒక్కటే అడిగా, గీజర్ వేస్తేనే పడుతోందా, ఇంకేం వేసినా పడుతోందా అని. ఆలోచించి, ఇస్త్రీ చేస్తుంటే ఒకసారి పడింది, మోటారు వేస్తే కూడా పడింది, ఒకరోజైతే ఏమీ వెయ్యకుండానే పడిందిరా అంది. గీజర్ ఒక లైను, ఇస్త్రీ పెట్టె పెట్టే ప్లగ్గు ఇంకో లైను, మోటారు వేరే లైను. మూడు లైన్లలోనూ ఒకేసారి లీకేజీ వచ్చే అవకాశం ఎంత? చాలా తక్కువ. మూడిటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, న్యూట్రల్ లింకు, అంటే అన్ని లైన్ల న్యూట్రల్ వైర్లూ వచ్చి కలిసే ఇత్తడి పట్టీ.

ఇక్కడే చాలామంది ఎలక్ట్రీషియన్లు తప్పుదారి పడతారు, వాళ్ళు పని రానివాళ్ళని కాదు, మామూలుగా వెతికే పద్ధతే ఇక్కడ మోసం చేస్తుంది. మామూలు పద్ధతి ఏంటంటే చిన్న ఎంసీబీలన్నీ దించేసి, మెయిన్ వేసి, ఒక్కొక్కటే పైకి లేపుతూ రావడం, ఏది లేపితే పడిందో ఆ లైనులోనే తప్పు అనడం. ఫేజ్ లీకవుతుంటే ఇది చక్కగా పని చేస్తుంది. కానీ మన ఇళ్ళల్లో ఆ చిన్న ఎంసీబీలు సింగిల్ పోల్, ఫేజ్‌ని మాత్రమే తెంపుతాయి. న్యూట్రల్ వైర్లు అన్నీ కలిసి కింద ఇత్తడి లింకుకి బిగించి ఉంటాయి, ఎంసీబీ దించినా అవి అలాగే కలిసే ఉంటాయి. గోడ మీద స్విచ్ కూడా అంతే, ఫేజ్‌నే తెంపుతుంది. కాబట్టి ఏదో ఒక లైను న్యూట్రల్ వైరు తడిగోడకో ఇనుముకో తగులుతుంటే, ఆ లైను ఎంసీబీ దించినా, లైటు ఆర్పేసినా, ఆ తగలడం పోదు.

మరి గీజర్ వేస్తేనే ఎందుకు పడుతుంది? న్యూట్రల్‌ని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్త్ చేస్తారు. అక్కడినుంచి మన ఇంటిదాకా వచ్చేసరికి, లోడు నడుస్తున్నప్పుడు మన ఇంటి న్యూట్రల్‌కీ కింద నేలకీ మధ్య ఓ మూడు నాలుగు వోల్టులు ఉండటం మామూలే. ఏ లోడూ లేకపోతే ఆ వోల్టేజీ దాదాపు ఉండదు, న్యూట్రల్ నేలకి తగిలినా ఏమీ పారదు. గీజర్ లాంటి పెద్దది వెయ్యగానే వోల్టేజీ లేస్తుంది, తడి గోడలోంచి నేలకి వంద ఓంల దారి ఉందనుకోండి, 3 వోల్టులకి 30 మిల్లీ ఆంపియర్లు అటు జారిపోతాయి, ఆర్‌సీసీబీ లెక్క తప్పింది, పడిపోయింది. పాపం గీజర్ చేసిందేమీ లేదు, మంచి ఎలిమెంట్ తీసి పారేశారు. అంతెందుకు, పక్కింటివాళ్ళు మోటారు వేసినా ఆ వీధి న్యూట్రల్ మీద వోల్టేజీ లేచి మన ఇంట్లో పడొచ్చు, అక్క చెప్పిన ఏమీ వెయ్యకుండానే పడింది అన్నది ఇదే. భీమవరం డెల్టా నేల, వానాకాలంలో కాస్త తవ్వితే నీళ్ళు, అలాంటి చోట నేల కరెంటుని ఇంకా బాగా పీల్చుకుంటుంది.

ఆ వీధిలోనే ఒక పెద్దాయన ఉన్నారు, ముప్ఫై ఏళ్ళకి పైగా వైరింగ్ పనులు చేసినాయన, చేత్తో తిప్పే పాతకాలం మెగ్గర్, అంటే వైర్ల ఇన్సులేషన్ కొలిచే మీటరు, ఇప్పటికీ సంచీలో పెట్టుకుని తిరుగుతారు. ఆయన్ని పిలిచాం. నేను చెప్పింది మొత్తం విని, "న్యూట్రల్ ఎర్తవుతోంది బాబూ, లింకు విప్పుదాం" అన్నారు, అంతే. తెలిసినవాళ్ళతో పని చెయ్యడంలో ఉన్న సుఖం అది.

ముందు ఆర్‌సీసీబీ నుంచి బయటికి వెళ్ళే రెండు వైర్లూ తీసేసి ఖాళీగా వేసి చూశాం, నిలబడింది, అంటే బ్రేకర్‌లో తప్పు లేదు. ఈ ఒక్క పరీక్ష ముందే చేసుంటే కొత్తది కొనే అవసరం ఉండేది కాదు. తర్వాత మెయిన్ దించి, టెస్టర్ ఒక్కదాన్నీ నమ్మకుండా మల్టీమీటర్‌తో కరెంటు లేదని చూసుకున్నాం. మెయిన్ దించినా దాని పై టెర్మినల్స్‌లో, మీటర్ నుంచి వచ్చే వైర్లలో కరెంటు ఉంటూనే ఉంటుంది, అక్కడ చెయ్యి గానీ స్క్రూడ్రైవర్ గానీ తగలకూడదు. ఇంట్లో ప్లగ్గులన్నీ పీకించాం, స్విచ్ ఆపితే చాలదు, పీకాల్సిందే, ఎందుకంటే స్విచ్ న్యూట్రల్‌ని వదలదని ఇప్పుడే చెప్పుకున్నాం కదా. ఇన్వర్టర్ కూడా ఆపి వైర్లు విడదీశాం, మెయిన్ దించినా ఇన్వర్టర్ లైన్లలో 230 వోల్టులు ఉంటాయి, ఇది మర్చిపోయి షాక్ కొట్టించుకునేవాళ్ళు ఉన్నారు.

అప్పుడు లింకు నుంచి న్యూట్రల్ వైర్లు ఒక్కొక్కటే విప్పి, ఏది ఏ లైనుదో టేపు మీద రాసి అంటించి, ప్రతి వైరుకీ ఎర్త్‌కీ మధ్య మెగ్గర్ పెట్టి తిప్పారు ఆయన. మెగ్గర్ 500 వోల్టులు ఇస్తుంది, మామూలు మల్టీమీటర్ బ్యాటరీ వోల్టేజీకి దొరకని తడి లీకేజీ కూడా దీనికి దొరుకుతుంది. కనీసం ఒక మెగా ఓం రావాలి. గీజర్ లైను బ్రహ్మాండంగా ఉంది. వంటిల్లు బాగుంది. మోటారు లైను కొంచెం తక్కువ, అయినా ఫరవాలేదు. వరండా లైట్ల లైను పెట్టి తిప్పగానే ముల్లు సున్నా దగ్గరే కూర్చుంది.

ఆ లైను మీద వరండా బల్బు, పోర్టికో బల్బు, గేటు స్తంభాల మీద రెండు దీపాలు. గేటు దీపాలు వెలిగించక చాలాకాలం అయిందట, బల్బులే లేవు వాటిలో. అందుకే ఎవరి అనుమానమూ అటు పోలేదు. గేటు వైపు వెళ్ళే వైరు పోర్టికో జంక్షన్ బాక్సు దగ్గర విడదీసి మళ్ళీ తిప్పితే ఇంటివైపు బాగుంది, గేటు వైపు సున్నా. స్తంభం మీది ఫిట్టింగ్ విప్పితే లోపల నీళ్ళు, తుప్పు, రేకు అంచుకి న్యూట్రల్ వైరు తొడుగు కోసుకుపోయి రాగి తీగ ఇనప క్లాంపుకి ఆనుకుని ఉంది. ఆ క్లాంపు బోల్టులు స్తంభంలోని ఊచలదాకా దిగాయి. ఎండలో స్తంభం పొడిగా ఉంటే ఏమీ కాదు, వానకి నానితే అదే ఎర్త్ గుంట అయిపోయింది.

ఆ ముక్కకి ఫేజూ న్యూట్రల్ రెండూ విడదీసేసి, ఇన్సులేషన్ టేపు చుట్టి, మిగతావన్నీ లింకుకి బిగించి మెయిన్ వేశాం. వాన పడుతూనే ఉంది. గీజర్, మోటారు, ఇస్త్రీ పెట్టె మూడూ ఒకేసారి వేయించాను. పడలేదు. బావ నోటమ్మట మాట రాలేదు కాసేపు, తర్వాత, "వెలగని దీపానికా ఇంత చేశాం" అన్నారు.

ఫేజ్ లీకైతే ఇలా ఉండదు, అది కూడా చెప్పాలి. ఒకే వస్తువు వేసినప్పుడు మాత్రమే, ప్రతిసారీ పడితే అప్పుడు ఆ వస్తువునే అనుమానించండి. బోరు నీళ్ళు వాడే ఇళ్ళల్లో గీజర్ ఎలిమెంట్ మీద సున్నం పేరుకుని, తొడుగు పగిలి, లోపలి కాయిల్ నీళ్ళకి తగలడం చాలా ఎక్కువ. వేసవిలో ఎయిర్ కూలర్ల పంపు. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ టెర్మినల్స్ దగ్గర బల్లులు చచ్చి అతుక్కుపోతాయి. ఫ్రిజ్‌లో డీఫ్రాస్ట్ హీటర్, ఇది గంటల తరబడి బాగుండి ఆ హీటర్ ఆన్ అయినప్పుడే పడుతుంది కాబట్టి అర్ధరాత్రి పడే కేసుల్లో దీన్ని గుర్తుపెట్టుకోండి. కొత్తగా మేకు కొట్టారా, డ్రిల్ వేశారా అని కూడా అడగాలి.

ఒక్క వస్తువులోనూ తప్పు లేకుండా పడే ఇళ్ళు కూడా ఉంటాయి. కంప్యూటర్లు, ఎల్ఈడీ డ్రైవర్లు, వాషింగ్ మెషీన్లు ప్రతిదీ మామూలుగానే కొంచెం కొంచెం ఎర్త్‌కి వదులుతుంది, అన్నీ కలిసి ఓ 12 మిల్లీ అయ్యాయంటే, వాన తడికి ఇంకో నాలుగైదు కలిసినా బ్రేకర్ పడొచ్చు. దానికి మందు 30 తీసి 100 ది పెట్టడం కాదు. 100, 300 మిల్లీవి నిప్పు అంటుకోకుండా కాపాడటానికి, మనిషిని కాపాడటానికి కాదు. లైన్లు రెండు మూడు భాగాలుగా విడగొట్టి ఒక్కోదానికి విడిగా 30 ది పెట్టుకోవాలి, లేదా ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ కలిసిన ఆర్‌సీబీవో పెట్టుకోవాలి. అలా విడగొట్టేటప్పుడు న్యూట్రల్‌లు కూడా విడగొట్టాలి సుమా. ఒకదాని వెనక నుంచి ఫేజ్ తీసుకుని ఇంకోదాని లింకుకి న్యూట్రల్ ఇస్తే రెండూ పడతాయి. మెట్ల లైటుకి కింద పోర్షన్ ఫేజ్, పై పోర్షన్ న్యూట్రల్ ఇచ్చేసే అలవాటు మన ఊళ్ళల్లో చాలా ఉంది, ఇన్వర్టర్ బిగించేవాళ్ళూ దగ్గర్లో ఏ న్యూట్రల్ దొరికితే దానికి కలిపేసి వెళ్ళిపోతారు.

ఇప్పుడు ఆ డైరెక్ట్ ఇచ్చేస్తా అన్న మాట దగ్గరికి వస్తాను, ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అదే. ప్రతి వానాకాలం పేపర్లో చూస్తూనే ఉంటాం, బట్టలారేసే దండెం తీగకి కరెంటు పాసై ఇల్లాలు పోయింది, ఆమెని లాగబోయి భర్త, వాళ్ళని చూసి పరిగెత్తుకొచ్చిన పిల్లలు కూడా అని. కూలర్లో నీళ్ళు పోస్తూ పోయినవాళ్ళు, బకెట్లో హీటర్ పెట్టి నీళ్ళు కాగాయో లేదో చేత్తో చూసి పోయినవాళ్ళు. చదివినప్పుడల్లా నాకు వచ్చే ఆలోచన ఒక్కటే, ఆ ఇంట్లో పనిచేసే 30 మిల్లీ ఆర్‌సీసీబీ ఉంటే, తగిలిన క్షణంలో అది పడేది, షాక్ కొట్టేది కానీ ప్రాణం నిలబడే అవకాశం ఉండేది. మెయిన్ మాటిమాటికీ పడుతోందని దాన్ని దాటించి వైరు కలిపేసిన ఇంట్లో ఆ అవకాశాన్ని మన చేతులతో తీసేస్తున్నాం. 32 ఎంసీబీ పడుతోందని 63 పెట్టేవాళ్ళదీ అదే పని, లోపల వైరు మారదు కదా, ఆ తర్వాత గోడలో వైరే కాలుతుంది. డైరెక్ట్ ఇస్తానన్న మనిషిని ఆ రోజుకి డబ్బులిచ్చి పంపేసి, మెగ్గర్ ఉన్న ఇంకొకర్ని పిలవండి. ఆ రాత్రి ఫ్యాను లేకపోయినా ఫరవాలేదు, అనుమానం ఉన్న లైను ఫేజూ న్యూట్రల్ రెండూ విప్పించి మిగతా ఇంటికి కరెంటు ఇప్పించుకోవచ్చు. మీటరు ముందు వైపు, సర్వీసు వైరు దగ్గర నిప్పురవ్వలు కనిపిస్తే ప్రైవేటు మనిషిని కూడా ముట్టుకోనివ్వకండి, సీలు తియ్యకండి, 1912 కి చెయ్యండి, రెండు రాష్ట్రాల్లోనూ అదే నంబరు.

ఆర్‌సీసీబీ బతికుందో లేదో చూడటానికే ఆ టీ బటన్. నెలకోసారి కరెంటు ఉన్నప్పుడు నొక్కాలి, టక్కున పడాలి. పడకపోతే మార్చెయ్యాలి, ఇంకో ఆలోచన వద్దు. బటన్‌కి పడినంత మాత్రాన ఎర్తింగ్ బాగున్నట్టు కాదు, బటన్ లోపలున్న రెసిస్టర్‌తో తనంతట తనే తేడా పుట్టిస్తుంది, బయట ఎర్త్ గుంటతో దానికి సంబంధం లేదు. ఎర్త్ గుంట వేరే చూపించుకోవాలి. అక్క వాళ్ళ గుంట పైన ఎప్పుడో టైల్స్ వేసేశారట, ఎక్కడుందో వెతకాల్సి వచ్చింది.

గేటు దీపాలకి ఈసారి భూమిలో ముక్క అతుకు లేకుండా ఒకే కేబుల్, విడిగా ఎర్త్ వైరు, నీళ్ళు దూరని ప్లాస్టిక్ ఫిట్టింగు వెయ్యమని పెద్దాయనకే చెప్పాం. పై పోర్షన్‌కి విడిగా ఆర్‌సీసీబీ పెట్టే పని దసరా సెలవులకి అనుకున్నాం, అప్పుడే మెట్ల లైటు న్యూట్రల్ కూడా సరైన లింకుకి మార్చాలి, అది ఎటు కలిపారో ఇంకా విప్పి చూడలేదు.